విశాఖ రేవున ఒక దినము

విజయనగరమునుండి గాని శ్రీకాకుళమునుండి గాని విశాఖపట్టణము పోని గృహిణి మనలో నెవరును ఉండరు. పెద్దాసుపత్రిలో చూపించుకొనుటకు పోవుదుము. పెండ్లిచీరలు కొనుటకు పోవుదుము. సింహాచలము మ్రొక్కు తీర్చుకొని, సముద్రములో పాదములు తడుపుకొని, సాయంకాలపు బండికి ఇల్లు చేరుదుము. కాని ఆ పట్టణమును పట్టణముగా చేసిన రేవును గూర్చియు, ఆ రేవును కాచుకొనియున్న నౌకాదళమును గూర్చియు మనకు తెలిసినది మిక్కిలి స్వల్పము. మేమును మొన్నటిదాక అట్టివారమే. ఈ నెల ఈ పుటలలో మా విశాఖయాత్రను గూర్చి వ్రాయుచున్నాము. అది వినోదమునకై పోయిన యాత్ర కాదు. ఒక ఇంటి తగవు తీరునేమోయని పోయిన యాత్ర.

మా పొరుగింటి వదినగారికి ఒక్కతే కుమార్తె. ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది, లెక్కలలో దిట్ట. ఆ పిల్ల నౌకాదళములో చేరుదునని, అందులకై పుణె కడనున్న జాతీయ రక్షణ విద్యాలయపు ప్రవేశపరీక్ష వ్రాయుదునని పట్టుపట్టినది. తండ్రి “మీ అమ్మ ఒప్పుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు” అని తాను తప్పుకొనెను. తల్లి ఒప్పుకొనలేదు. రెండు నెలలుగా ఆ ఇంట తల్లికిని కూతునకును మాటలు సన్నగిల్లినవి. అన్నము వడ్డించుట, తినుట, లేచిపోవుట. ఒకనాటి మధ్యాహ్నము వదినగారు మా వంటింటి గడపకడ కూర్చుండి, కొంగుతో కన్నులు తుడుచుకొని, “మీరైనా చెప్పండి వదినగారూ, ఆడపిల్లకు సముద్రమేమిటి?” అని అడిగిరి.

మాకు ఏ మాటయు తోచలేదు. తోచక, “మీరెప్పుడైనా నౌకాదళం వారి ఓడ చూశారా?” అని అడిగితిమి. లేదనిరి. మేమును చూచియుండలేదు. చూడని వస్తువును ఔననుటయు కాదనుటయు రెండును అన్యాయమే గదా యని తలంచి, వచ్చు ఆదివారమునకు ప్రయాణము నిశ్చయించితిమి. వదినగారి అత్తగారు ఎనుబదేండ్లు దాటిన వృద్ధురాలు. మేమందరము ఆమెను మామ్మగారని పిలుతుము. “నన్నొదిలేసి పోతారా?” అని ఆమెయు బయలుదేరిరి. ముందునాటి రాత్రియే పులిహోర కలిపి, నువ్వుండలు చుట్టి, డబ్బాలు కట్టి, తెల్లవారుజాము బండికి స్టేషను చేరితిమి.

విజయనగరమునుండి విశాఖకు రైలుదారి సుమారు 60 కిలోమీటర్లు. గంటకు కొంచెము మించిన ప్రయాణము. మొదట వచ్చునది కోరుకొండ. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ కోటను, దాని చుట్టునున్న భూమిని ఇచ్చినందున 1962లో అచ్చట సైనిక పాఠశాల వెలసినది. చాలకాలము అది మగపిల్లలకే పరిమితమైయుండెను. 2021–22 విద్యాసంవత్సరమునుండి దేశములోని సైనిక పాఠశాలలన్నియు ఆడపిల్లలను చేర్చుకొనుచున్నవి. పిల్ల ఈ సంగతి కిటికీవంక చూచుచునే చెప్పెను. తల్లి విననట్లు ముఖము త్రిప్పుకొనెను.

కొత్తవలస దాటిన పిమ్మట మామ్మగారు తమ కథ చెప్పిరి. వారి పుట్టినిల్లు కళింగపట్టణమునకు చేరువ పల్లె. రైలు రాకపూర్వము మన తీరమున బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము వంటి రేవులే లోకమునకు వాకిండ్లు. ఓడలు తీరమునకు దూరముగా లోతు నీటిలో నిలుచుచుండెను. సరకులును మనుష్యులును నాటుపడవలలో అలలు దాటిపోయి ఓడ నెక్కవలసియుండెను. ఆ రేవులనుండియే మన ప్రాంతపు బీదజనము వేలకొలదిగా రంగూనునకు పోయిరి. దానినే మనవారు “రంగము పోవుట” యనిరి. బియ్యపు మిల్లులలో, ఓడ సరకులు దింపుటలో కూలిచేసి ఇంటికి డబ్బు పంపుచుండిరి. మామ్మగారి తండ్రియు అట్లు పోయినవాడే. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు ఓడలు దొరకక లక్షలాది భారతీయులు అడవులగుండ, కొండలగుండ నడిచి అస్సాము చేరిరి. దారిలో ఎందరో మరణించిరి. “మా నాన్న నడిచే వచ్చాడు. వచ్చేనాటికి ఎముకల గూడు. ఆయన వచ్చిన మరుసటేడు నేను పుట్టాను. మా అమ్మ నాకు సముద్రం వైపు వీపు పెట్టి పాలిచ్చేదట” అని మామ్మగారు నవ్విరి. ఆ నవ్వు వెనుక ఎంత దుఃఖము గలదో మాకు తెలియును. కాని వదినగారికి ఆ కథ బలమిచ్చెను. “విన్నావా?” అన్నట్లు కూతువంక చూచిరి.

విశాఖలో దిగి మొదట పాతపట్టణములోని బురుజుపేట కనకమహాలక్ష్మిని దర్శించితిమి. మన స్త్రీలకు ఆ తల్లి యన్న ప్రత్యేకమైన చనువు. గోపురపు గర్భగుడి చీకటిలో నుండక ఆమె ఆకాశము క్రిందనే యున్నది; ఎవరి చేతితో వారే పసుపు కుంకుమలు సమర్పింపవచ్చును. అచ్చటనుండి రేవుకడ కొండనెక్కితిమి. రేవు ముఖద్వారమునకు చేరువ మూడు చిన్న కొండలు వరుసగా నున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, ఒకదానిపై మేరీమాత గుడి. ఏ మతమువాడైనను సముద్రముపైకి పోవునప్పుడు చేతులు జోడించుటకు ఒక కొండ కలదు. మామ్మగారు క్రింద నీడలో కూర్చుండిరి; మేము ముగ్గురము వేంకటేశ్వరుని కొండనెక్కి రేవును చూచితిమి.

అక్కడనుండి చూచిన విశాఖ రేవు ఏర్పాటు చక్కగా బోధపడును. దక్షిణమున సముద్రములోనికి మొగము చాచినట్లున్న పెద్ద కొండ కలదు. దొరలు దానికి డాల్ఫినను చేప ముక్కువలె నున్నదని డాల్ఫిన్స్ నోస్ అని పేరుపెట్టిరి. ఆ కొండయే పెనుగాలిని, దక్షిణపు అలలను అడ్డుకొనును. దాని ప్రక్కనుండి ఇరుకైన కాలువ లోపలికి పోయి, ఒకప్పుడు ఉప్పుటేరు, బురదనేల అయియుండిన చోట విశాలమైన రేవుగా విప్పారును. సముద్రమునుండి చూచువానికి లోపలి ఓడలు కనబడవు. మన ఇండ్లలో వీధినుండి పెరడు కనబడకుండ నడుమ గోడ కట్టుదుము గదా, అట్లే. నౌకాదళము ఈ తావునే కోరుకొనుటకు ఇదియొక ముఖ్యకారణము.

ఆ రేవు ప్రకృతి ఇచ్చినంత మాత్రమున సిద్ధము కాలేదు. కాలువ ముఖమున ఇసుక మేట వేయకుండుటకు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి సముద్రములో ముంచి అడ్డుకట్టగా చేసిరి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి జలదుర్గ యను ఓడ మొదటగా లోనికి ప్రవేశించెను. అదే సంవత్సరము డిసెంబరు 19న రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించెను. దానికి రెండేండ్లు ముందుగా, 1931లో, పార్వతీపురమునుండి రాయపూరునకు రైలుదారి పూర్తియైనది. మధ్యపరగణాల ఖనిజము మన విజయనగరము మీదుగా వచ్చి ఈ రేవున ఓడ నెక్కెను. విశాఖ లేచినకొలది మన కళింగపట్టణము, భీమునిపట్టణములు వాడిపోయినవి. ఒక ఇంటి కోడలు వచ్చినంత మాత్రమున తక్కినవారు మూలపడినట్లు చెప్పుట తగదు గాని, లోతైన రేవును, రైలును కలిసిన చోటికే వ్యాపారము పోవుట సహజము.

రేవున్నచోట యుద్ధమును వచ్చును. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లీన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చి ఈ తీరముననే సెంచూరియన్ అను ఆంగ్లనౌకతో పోరాడెను. మన తాతమ్మలనాటి జ్ఞాపకములలో నున్న యుద్ధము మాత్రము మరియొకటి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖమీద బాంబులు వేసెను. నష్టము స్వల్పమే యైనను భయము అపారము. వంటపాత్రలు, పసిబిడ్డలు, ముసలివారు, ఏది చేతికందిన దానితో జనము పల్లెలకు, విజయనగరమునకు పరుగెత్తిరి. ఊరు నిర్మానుష్యమయ్యెను. ఇరువదేండ్లు గడిచిన పిమ్మట, 1960ల దశకమున, కొత్తవలసనుండి బస్తరు కొండలలోనికి రైలుదారి వేసి, బైలదిల్లా ఇనుపరాయిని ఈ రేవునుండియే ఆ జపానునకు అమ్మితిమి. దేశముల పగలు ఇట్టివి. వానికై పోయిన ప్రాణములు మాత్రము తిరిగిరావు.

కొండ దిగి చేపల రేవుకు పోయితిమి. శాకాహారులమైన మాకు అచ్చటి వాసన కష్టమే యయ్యెను. కాని ఆ చోటు చూడకున్న మా యాత్ర సగమే యగునని ఇప్పుడు తలంచుచున్నాము. మరపడవలు వరుసగా నిలిచియుండెను. జాలరి స్త్రీలు గంపలముందు కూర్చుండి బేరమాడుచుండిరి. వదినగారు ఒకామె ప్రక్కన నిలిచి, ఉన్నట్లుండి, “మీ ఆయన సముద్రం మీద ఉన్నాడా అమ్మా?” అని అడిగిరి. ఔననెను. పోయి తొమ్మిది దినములైనదట. “మరి భయం వేయదా?” అనిరి. ఆమె కత్తి ఆపకయే, “బయమెందుకుండదమ్మా? బయమున్నా పొయ్యి ఎలిగించాల గదా. పిల్లలకి బువ్వెట్టాల గదా” అనెను. కొంత తడవునకు తానే మరల, “బయం ఆడోళ్లకే. ఆల్లు పడవెక్కితే మర్సిపోతారు” అనెను.

ఆ మాట మా మనస్సులో నాటుకొన్నది. మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తీరపు పల్లెలనుండి మత్స్యకారులు బ్రతుకుతెరువునకై గుజరాతువరకు పోవుచున్నారు. 2018లో అట్లు పోయినవారిని పాకిస్తానువారు తమ జలములలోనికి వచ్చిరని పట్టుకొని చెరసాలలో నుంచిరి. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దున విడుదలైరి. అంతకాలము వారి భార్యలు కచేరీల చుట్టు అర్జీలు పట్టుకొని తిరిగిరి. సముద్రమునకు ఆడదానికి సంబంధమేమిటని మనము అడుగుచున్నాము. సముద్రమునకు బిడ్డలనిచ్చినది, ఒడ్డున నిలిచి లెక్కించినది ఎప్పుడును ఆడదే. ఒడ్డున నిలుచుట మాత్రమే ఆమె వంతు కావలెనా యనునదే అసలు ప్రశ్న.

మధ్యాహ్నము సముద్రపుటొడ్డున చెట్టునీడను పులిహోర తిని, కుర్సురా అను జలాంతర్గామిని చూడబోయితిమి. నీటి క్రింద సంచరించు ఈ యుద్ధనౌక 1969 డిసెంబరు 18న, అప్పటి సోవియట్ రాజ్యములోని రీగా రేవున మన నౌకాదళమున చేరినది. 31 ఏండ్లు సేవచేసి, 73,500 సముద్రపు మైళ్లు తిరిగి, అనగా భూగోళమును మూడుమార్లకు పైగా చుట్టివచ్చినంత దూరము తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించినది. పిమ్మట దానిని ఇసుకమీదికి లాగి నిలిపి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరచిరి. పొడవు 91 మీటర్లు. వెలుపలినుండి చూచిన నల్లని తిమింగలము ఒడ్డున పడినట్లు తోచును.

అది ఎట్లు మునుగును, ఎట్లు తేలునని వదినగారు అడిగిరి. పిల్ల చెప్పిన సమాధానము మాకు మిక్కిలి నచ్చినందున ఇచ్చట వ్రాయుచున్నాము. “ఖాళీబిందె చెరువులో తేలుతుంది కదా అమ్మా. దానిలోకి నీళ్లు వదిలితే మునుగుతుంది. ఇదీ అంతే. దీని పక్కల తొట్లుంటాయి. వాటిలోకి సముద్రపు నీళ్లు వదిలితే కిందికి పోతుంది. గట్టిగా నొక్కిపెట్టిన గాలిని వదిలి ఆ నీళ్లను బయటికి తోసేస్తే పైకి వస్తుంది.” నీటిపైన ఉన్నంతసేపు డీజిలు యంత్రములు నడచి పెద్దపెద్ద బ్యాటరీలను నింపునట. నీటిక్రింద డీజిలు యంత్రమునకు గాలి చాలదు గనుక, ఆ బ్యాటరీలలో నిలువచేసిన విద్యుత్తుతోనే అది చప్పుడు లేక సాగును. బ్యాటరీలు తరిగిన మరల పైకి రావలెను. రెండు నెలల తరువాత కూతురు తల్లికి ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పుట అదియే మొదలు.

లోపలికి పోవుటకు గుండ్రని ద్వారములగుండ వంగి, కాలెత్తి దాటవలెను. మోకాళ్లనొప్పి గలవారికి కష్టము. మామ్మగారు వెలుపల బల్లమీదనే కూర్చుండిరి. లోన ఇద్దరెదురుపడిన ఒకరు ప్రక్కకు ఒత్తిగిలవలెను. గోడలనిండ గొట్టములు, చక్రములు, గడియారములవంటి కొలతపరికరములు. అందు 75 మంది వారములకొలది నివసించుచుండిరట! ముందుభాగమున టార్పిడోలను ఆయుధముల ప్రక్కననే, వానికి ఆనుకొనియే నావికుల పడకలు. వదినగారు అన్నిటికంటె ఎక్కువసేపు నిలిచినది వంటగదికడ. అది మన దేవుని గదికంటె పెద్దది కాదు. “ఇందులో అంతమందికి మూడు పూటలా వండుతారా?” అని ఆశ్చర్యపడిరి. చూపించుచున్న వ్యక్తి నౌకాదళమున పనిచేసి విరమించినవాడు. “వండాలమ్మా. మంచినీళ్లు కొలతే. స్నానాల మాట తలచుకోకూడదు” అనెను. నీటి పొదుపును గూర్చి ఆయన చెప్పినది వినగా, కొళాయి వదలి అంట్లు తోము మన అలవాటునకు సిగ్గు కలిగెను.

ఆ యొడ్డుననే, నడిచిపోదగు దూరమున, 1971నాటి యుద్ధవిజయమునకు గుర్తుగా 1996లో కట్టిన స్మారకము కలదు. ఆ కథను మన సోదరీమణులు తెలిసికొనదగును. ఏలయన అందులో కూరగాయల బేరమునకును పాత్ర కలదు. ఆ యేడు నవంబరులో పాకిస్తాను తన ఘాజీ యను జలాంతర్గామిని కరాచీనుండి పంపెను. మన విమానవాహక నౌకయైన విక్రాంతును ముంచుటయే దాని పని. విక్రాంతు అప్పటికే అండమాను దిక్కునకు తరలియుండెను. తూర్పు నౌకాదళమునకు అధిపతియైన కృష్ణన్‌గారు ఆ సంగతి దాచి, అది విశాఖకడనే యున్నట్లు శత్రువు నమ్మునట్లు చేసిరి. రాజపుత్ అను పాత నౌకచేత విక్రాంతు పంపినట్లు తంతిలేని వార్తలు పంపించిరి. అంతియే గాక, విక్రాంతు వచ్చుచున్నదని చెప్పి విశాఖ గుత్తదారులకడ విస్తారముగా మాంసము, కూరగాయలు కావలెనని పురమాయించిరట. బజారులో పుట్టిన మాట గూఢచారుల చెవికి చేరకుండునా? ఈ సంగతి కృష్ణన్‌గారే తమ అనుభవములలో వ్రాసికొనిరి.

డిసెంబరు 3వ తేదీ రాత్రి విశాఖ తీరమునకు చేరువ ఘాజీ పేలి మునిగిపోయెను. అందున్న 90 మందికి పైగా నావికులలో ఒక్కడును బ్రతుకలేదు. రాజపుత్ విసరిన బాంబులవలన మునిగెనని మనవారును, తాను పరచిన మందుపాతరలే తన్ను చంపెనని వారును చెప్పుదురు. ఆరు దినములకు, డిసెంబరు 9న, పడమటి సముద్రమున మన ఖుక్రీ నౌక శత్రువు టార్పిడో దెబ్బకు మునిగినది. అందు 18 మంది అధికారులు, 176 మంది నావికులు గతించిరి. అధిపతి మహేంద్రనాథ ముల్లాగారు తాము నౌకను విడువక దానితోడనే పోయిరి.

స్మారకముకడ వదినగారు చాలసేపు మాటాడలేదు. తుదకు, “ఆ ఘాజీలో పోయినవాళ్లకూ అమ్మలుంటారు కదా” అని మాత్రమనిరి. గెలుపును గుర్తుచేయు చోట ఓడినవారి తల్లులను తలంచుట తప్పు కాదని మేము నమ్ముచున్నాము. పిల్ల ఏదో చెప్పబోయి ఆగెను. తల్లి భయము వట్టి భయము కాదని, దానికి పేర్లును అంకెలును కలవని ఆమెకు అప్పుడు తోచియుండవచ్చును.

మేము ఇంతవరకు చెప్పినదంతయు మగవారి కథ. ఆడవారు నౌకాదళమున ఎచ్చటనున్నారు? చిరకాలముగా ఓడను మొదట నీటిలోనికి దింపునప్పుడు స్త్రీచేత శుభము పలికించుట ఆచారము. 2009 జూలై 26న ఈ విశాఖలోనే అరిహంత్ అను అణుశక్తి జలాంతర్గామిని నీటిలోనికి దింపునప్పుడు, నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారి భార్య గురుశరణ్ కౌర్‌గారు కొబ్బరికాయ కొట్టిరి. కాని కొబ్బరికాయ కొట్టి ఒడ్డున నిలుచు కాలము గడచినది. 1992నుండి స్త్రీలు నౌకాదళమున అధికారులుగా చేరుచున్నారు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు, పురుషులతో సమానముగా వారికిని శాశ్వతోద్యోగము పొందు హక్కు గలదని తీర్పు చెప్పెను. జాతీయ రక్షణ విద్యాలయపు తలుపులు 2021లో ఆ న్యాయస్థానపు ఉత్తరువువలననే తెరువబడెను. 2022లో చేరిన ఆడపిల్లలలో 17 మంది 2025 మే నెలలో చదువు ముగించి వెలువడిరి.

ఇంకొక సంగతి. 2017 సెప్టెంబరు 10న గోవానుండి ఆరుగురు స్త్రీలు తారిణి యను తెరచాప పడవలో భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. పడవ పొడవు సుమారు 17 మీటర్లు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్లాండు దీవులు, దక్షిణాఫ్రికా, మారిషసులలో ఆగుచు, 21,600 సముద్రపు మైళ్లు పోయి, 254 దినములకు, 2018 మే 21న గోవాకు తిరిగివచ్చిరి. వారిలో స్వాతిగారు ఈ విశాఖపట్టణపు బిడ్డ. ఐశ్వర్యగారు హైదరాబాదు ఆడపడుచు. నాయకురాలు వర్తికా జోషీగారు. ఆ తరువాత 2024 అక్టోబరులో దిల్నా, రూప అను ఇద్దరే అదే పడవలో పోయి 2025 మేలో క్షేమముగా తిరిగివచ్చిరి. ఈ సంగతులు పిల్లకు కంఠపాఠము. “స్వాతక్క మన ఊరి పక్కనే పుట్టింది” అని, మనకు బంధువే యైనట్లు చెప్పుచుండెను.

సాయంకాలమయ్యెను. ఇసుకమీద మామ్మగారి ప్రక్కన అందరము కూర్చుంటిమి. మామ్మగారు కన్నులపై చేయి పెట్టుకొని, దూరమున లంగరు వేసిన ఓడలను ఒకటొకటిగా లెక్కించిరి. అటుపిమ్మట కోడలివంక తిరిగి ఇట్లనిరి: “మా నాన్న కడుపు కాలి సముద్రం దాటాడు. ఆయన్ని ఎవరూ పంపలేదు, ఆకలి పంపింది. ఓడ ఎలా నడుస్తుందో ఆయనకు తెలియదు, అడుగున సరుకుతో పాటు కూర్చోబెట్టారు. ఇది చదువుకుని పోతానంటోంది. ఓడ నడిపే చోట నిలబడతానంటోంది. రెండూ ఒకటేనా అమ్మా?”

వదినగారు వెంటనే మెత్తబడలేదు. “తిరిగి రాకపోతే?” అని అడిగిరి. ఆ ప్రశ్నకు మామ్మగారు జవాబు చెప్పలేదు. మేమును చెప్పలేదు. చెప్పదగిన జవాబు లోకములో ఎవరికడను లేదు. కూతురే కొంత సేపటికి, “అమ్మా, పరీక్షలో వస్తుందో రాదో తెలియదు. వచ్చినా వాళ్లు నా కళ్లూ ఒళ్లూ పరీక్షించి, మాట్లాడించి, అప్పుడు కావాలో వద్దో చెబుతారు. అన్నీ అయ్యాక కూడా నువ్వు వద్దంటే నేను పోను. కానీ పరీక్షే వ్రాయకుండా వద్దంటే, ఎందుకు పోలేదని నన్ను నేను జన్మంతా అడుక్కుంటాను” అనెను. పట్టుపట్టిన పిల్ల తన పట్టును సగము వదలుట చూచి తల్లి ఆశ్చర్యపడినట్లు మాకు తోచెను.

తిరుగుబండిలో వదినగారు కిటికీకడ కూర్చుండిరి. కోరుకొండ దాటినప్పుడు చీకటి పడియున్నను ఆ వైపు చూచిరి. విజయనగరము దగ్గరపడుచుండగా, కూతువంక చూడకయే, “ఆ దరఖాస్తుకు ఫోటో కావాలన్నావు కదా. రేపు బడి నుంచి వచ్చేటప్పుడు దిగిరా. జడ సరిగా వేసుకుని మరీ దిగు” అనిరి. పిల్ల తలయూపెను. ఆ రాత్రి వారి యింటనుండి తల్లీకూతుళ్ల మాటలు చాలసేపు వినబడెను. అందు కొంత వాదమును కలదు. వాదమైనను మౌనముకంటె మేలు.

పరీక్షాఫలము ఎట్లుండునో మేము చెప్పజాలము. ఆ పిల్ల ఓడ నెక్కునో, ఇంజనీరగునో, మరేమగునో కాలము చెప్పవలెను. మా మనవి మాత్రము ఇది. మీ యింట బిడ్డ మీరెరుగని దారిని కోరినప్పుడు, ఔను కాదు అనుటకు ముందు ఆ దారి మొదలు వరకైనను బిడ్డతోకూడ నడచి చూచి రండు. మన జిల్లాల వారికి విశాఖరేవు ఒక్క దినపు ప్రయాణము. వేకువ బండికి బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చును. ప్రదర్శనశాలలకు వారములో సెలవుదినము గలదు గనుక ముందుగా వేళలు కనుగొని పొండు. ముసలివారిని తీసికొనిపోయిన వారికొరకు నీడయు మంచినీళ్లును చూచుకొనుడు. చేపల రేవుకడ ముక్కు మూసికొని దాటిపోక, గంపకడ కూర్చున్న ఆడకూతురితో రెండు మాటలు మాటాడుడు. సముద్రమును గూర్చి మాకు తెలియనిది ఆమెకు తెలియును.